ఇంటిపేరు లేని హీరో

ప్రేమ నవలలో హీరోకి అన్నీ ఉంటాయి. ఎత్తుంటుంది, కారుంటుంది, ముక్కు మీద కోపముంటుంది, ఆ కోపం వెనక ఎవరికీ చెప్పుకోని బాధొకటి ఉంటుంది. చేతి గడియారం ఏ దేశం నుంచి వచ్చిందో కూడా ఒక్కోసారి ఉంటుంది. ఇంటిపేరు మాత్రం ఉండదు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' చదివిన ఏ పెద్దావిడనైనా అడిగి చూడండి. జయంతి ఎలాంటిదో, రాజశేఖరం ఎప్పుడెప్పుడు ఏమన్నాడో నిన్న పక్కింట్లో జరిగినట్టు చెబుతుంది. రాజశేఖరం ఇంటిపేరేమిటండీ అంటే ఆగిపోతుంది. చెప్పగలిగినవాళ్లు నాకింతవరకు తారసపడలేదు.

నేనూ ప్రేమకథలే రాస్తాను. ఫోన్లో చదువుకునే సీరియల్స్. చాలాకాలం నా హీరోలకీ ఇంటిపేర్లు లేవు. ఆ లోకం మర్యాద అది. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

ఈ సంగతి నాకు తట్టడానికి నా ఉద్యోగమే కారణం. తెనాలిలో ఒక దస్తావేజు లేఖరి దగ్గర టైపు చేస్తాను. రోడ్డు దాటితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. పొద్దున పదింటి నుంచి పొద్దుపోయేదాకా క్రయ దస్తావేజులు, తనఖాలు, భాగపరిష్కారాలు, వీలునామాలు. దస్తావేజులో మనిషంటే ఎవరన్నది ఎక్కడా అనుమానం లేకుండా ఉంటుంది. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు లేకపోతే భర్త పేరు, వయసు, వృత్తి, డోర్ నెంబరు, ఆధార్. వీటిలో ఒకటి తప్పితే కాగితం వెనక్కొస్తుంది. స్థలమైతే నాలుగు దిక్కులా హద్దులు రాయాలి, ఆ హద్దుల్లో ఉండేవీ ఇరుగుపొరుగు ఇంటిపేర్లే. పగలంతా ఇంటిపేర్లు కొట్టే వేళ్లతో తెల్లవారుజామున ఇంటిపేరు లేని మనుషుల్ని పుట్టిస్తున్నాను. ఇద్దరిలో ఎవరు అసలు మనిషి? దస్తావేజులో మనిషికి చిరునామా ఉంది, గుండె లేదు. నవలలో మనిషికి గుండె తప్ప ఇంకేమీ లేదు.

రాయడానికి నాకు దొరికే సమయం కుళాయి నీళ్లు వదిలే ముందు. అప్పటికి ఇంట్లో ఎవరూ లేవరు. వంటింట్లో కింద కూర్చుని, బియ్యం డబ్బాకి వీపు ఆనించి ఫోన్లో కొట్టుకుంటాను. రచయిత్రి అనగానే కిటికీ, కిటికీ అవతల వాన ఊహించుకునేవాళ్లకి మా వంటిల్లు నచ్చదు. బార్బరా కార్ట్‌లండ్ అనే ఇంగ్లీషు రచయిత్రి సోఫాలో పడుకుని కథ చెబుతుంటే సెక్రటరీ రాసుకునేదట. 700 పైచిలుకు నవలలు అచ్చేసింది ఆవిడ. నాకు సెక్రటరీ లేదు సరికదా, నేనే ఇంకొకరికి టైపిస్టుని. రోజుకో పేజీ అయితే గొప్ప. కుళాయి బుసకొట్టిందంటే హీరోయిన్ ఎక్కడుంటే అక్కడ ఆగిపోవాల్సిందే, వాడి చేతిలో చెయ్యి ఉన్నా సరే. బిందెలు నిండాక వచ్చి చూస్తే ఆ చెయ్యి ఎందుకు పట్టుకున్నారో ఒక్కోసారి నాకే గుర్తుండదు.

ప్రేరణ ఎక్కడి నుంచి వస్తుందని అడుగుతుంటారు. నాకు ఎదురాఫీసు వరండాలోంచి వస్తుంది. ఒక ముసలాయన భార్య పేరున ఇల్లు రాయించడానికి వచ్చాడు. దాన సెటిల్‌మెంట్ అంటారు దాన్ని. మేము కొట్టే కాగితాలన్నిటిలో ప్రేమ అనే మాట కనిపించేది అందులోనే. నీయందు నాకుగల ప్రేమాభిమానముల వలన అని మొదలై సర్వే నెంబర్లలోకి దిగుతుంది. దగ్గరి కుటుంబసభ్యుల మధ్యయితే స్టాంపు డ్యూటీ కూడా తక్కువ. ప్రభుత్వం నమ్మే ప్రేమ అది. ఆవిడ వేలు మిషన్ మీద పెడితే ముద్ర పడలేదు. బొటనవేలు పడలేదు, చూపుడువేలూ పడలేదు. పొలం పనీ, అంట్లూ గీతల్ని అరగదీసేశాయి. వెనక లైన్లో జనం విసుక్కుంటున్నారు. ఆయన భుజం మీది తువ్వాలు తీసి, కొసని మంచినీళ్లతో తడిపి, ఆవిడ వేళ్లు ఒక్కొక్కటే తుడిచాడు. తుడిచి, నోటితో ఊది, మళ్లీ పెట్టించాడు. ఆవిడ ఆయన వంక చూడలేదు, జనం వంక చూసి సిగ్గుపడింది. నాలుగో వేలికి మిషన్ ఒప్పుకుంది. యాభై ఏళ్ల సంసారంలో ఆయన ఆ వేళ్ల వంక అంతసేపు చూడటం అదే మొదటిసారేమో. కాదేమో కూడా. నాకెలా తెలుస్తుంది?

నా కథల్లో పాఠకులు ఎక్కువగా మెసేజీలు పెట్టే ఘట్టాలు ముద్దులవీ కావు, వానవీ కావు. ఒక సీరియల్లో హీరోయిన్ అందరికీ మంచి అట్లు వేసి, మాడిన అట్టు తన పళ్లెంలో వేసుకుంటుంది. ఇంటికి కొత్తగా వచ్చినవాడు ఏమీ మాట్లాడకుండా ఆ పళ్లెం తన వైపు లాక్కుని, తన పళ్లెం ఆమె వైపు తోస్తాడు. అంతే. దాని తర్వాత వచ్చిన మెసేజీలు చదువుతుంటే భయం వేసింది. ఇంతమంది ఆడవాళ్లు, ఇన్నేళ్లుగా, మాడిన అట్లు తింటున్నారా? తింటున్నారు సరే, తింటున్నట్టు ఒక్కరన్నా చూస్తే చాలునని ఎదురుచూస్తున్నారా?

ప్రేమించడమంటే గమనించడమే అని ఇక్కడ తేల్చేయొచ్చు. తేల్చేస్తే బాగానే ఉంటుంది కూడా. కానీ గమనించడం సీసీ కెమెరా కూడా చేస్తుంది. కూతురు ఏ బస్సు ఎక్కింది, ఎవరితో నవ్వింది, ఫోన్ ఎన్నింటిదాకా వెలిగిందని పరువు కోసం కాపలా కాసే తండ్రి కంటే శ్రద్ధగా ఏ ప్రేమికుడూ గమనించడు. ఆ తండ్రికి కూతురంటే ప్రేమ లేదనీ అనలేం. మరి తేడా ఎక్కడుంది? ఒకరు చూసి పళ్లెం మార్చారు, ఒకరు చూసి తలుపు వేశారు. చూపు ఒక్కటే, దాని వెంట వచ్చే పని వేరు. ప్రేమకథ రాసేవాళ్లు చూపు దగ్గర ఆగిపోతారు, ఎందుకంటే చూపు అందంగా ఉంటుంది. పని దగ్గరికి వెళితే ఎవరి ఇల్లు, ఎవరి తలుపు, తాళం ఎవరి దగ్గర అనే ప్రశ్నలు వస్తాయి. ఇంటిపేరు వచ్చేదీ అప్పుడే.

యద్దనపూడినీ, కోడూరి కౌసల్యాదేవినీ, ఆ తరం రచయిత్రులనూ వంటింటి సాహిత్యమని తీసిపారేసినవాళ్ల పక్కన నేను నిలబడను. కృష్ణా జిల్లా కాజలో పుట్టిన అమ్మాయి 1960లలో 'సెక్రటరీ' రాసి, ఉద్యోగానికి వెళ్లే ఆడపిల్లని కథ నడిమధ్యన నిలబెట్టింది. ఆఫీసుకి వెళ్లే అమ్మాయి గురించి ఊళ్లు చెవులు కొరుక్కునే రోజులవి. కౌసల్యాదేవి 'ప్రేమనగర్', యద్దనపూడి 'సెక్రటరీ' సినిమాలుగా ఆడాయి, నిజమే. వాటికంటే నాకు ముఖ్యం అద్దె పుస్తకాల షాపులు. అట్ట ఊడిపోయి, దారంతో కుట్టి, ఆఖరి పేజీలు చిరిగిపోయిన నవలని పావలాకి తెచ్చుకుని, మొగుడు వచ్చేలోపు పూర్తిచేసి, చివరేమైందో పక్కింటావిణ్ని అడిగి తెలుసుకున్న ఆడవాళ్లు లక్షల మంది. వారపత్రికలోంచి సీరియల్ పేజీలు చించి, దాచి, బైండు చేయించుకున్నారు. ఒక తరం ఆడవాళ్లు చదవడం మర్చిపోకుండా ఉన్నది వీటివల్లే. ఆ హీరోలు ఇవాళ ఆఫీసుల్లో అలాగే ప్రవర్తిస్తే పనిచోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం కింద ఫిర్యాదుల కమిటీ ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తుందన్నది వేరే సంగతి.

నా పేచీ ఇంటిపేరు దగ్గరే. ఇంటిపేరు తీసేయడం ఒక కలా, ఒక తప్పించుకోవడమా?

కల అనుకుందాం. ఆడదాని వైపు నుంచి చూస్తే అది కలే. మా దస్తావేజుల్లో ఆడవాళ్లకి పెళ్లికి ముందు ఒక ఇంటిపేరు, తర్వాత ఇంకొకటి. పాత కాగితంలో పుట్టింటిదీ కొత్త కాగితంలో అత్తింటిదీ ఉంటే, ఇద్దరూ ఒకరేనని విడిగా నిరూపించుకోవాలి. తన మనిషితనానికి తనే సాక్ష్యం తెచ్చుకోవాలన్నమాట. అలాంటి ఆడమనిషి మధ్యాహ్నం నవల తెరిస్తే అక్కడ అమ్మాయి ఉత్త జయంతి. ఫలానావారి కోడలు కాదు, ఫలానా ఆయన భార్య కాదు. రెండు గంటలసేపు ఏ ఇంటికీ చెందకుండా ఉండగలగడం చిన్న సుఖమా? మనిషిని పుట్టుకకి సంబంధించిన వివరాలన్నీ ఒలిచేసి ఉత్త మనిషిగా చూడాలని పెద్దపెద్ద తాత్వికులు చెప్పినదాన్ని, రైలు ప్రయాణంలో చదివి పారేసే నవల ఏ హడావిడీ లేకుండా చేసిపెట్టింది.

తప్పించుకోవడం అనుకుందాం. ఇంటిపేరు లేకపోయినా ఇల్లుంది కదా. ఆ ఇంట్లో పూజగది ఎక్కడుందో, తల్లి ఏ నోములు నోస్తుందో, ఆదివారం వంటింట్లోంచి ఏ వాసన రాదో, పొలం ఎవరిదో, అది ఎవరు దున్నుతారో, పనిమనిషి గ్లాసు ఎక్కడ బోర్లిస్తారో చూడండి. హీరో కులం ప్రతి పేజీలో ఉంది, పేరులో తప్ప. ఇంటిపేరు మర్చిపోయి బతకగలిగేది ఎవరు? ఆ పేరు విని ఏనాడూ ఎవరూ తలుపు వేసుకోనివాళ్లు. నేను ఉత్త మనిషి అనుకున్నవాడు నిజానికి ఒకానొక వీధి మనిషి.

రెండూ నిజమే అయితే రచయిత్రి ఏం చెయ్యాలి? ఆడదానికిచ్చిన ఆ రెండు గంటల సెలవు లాక్కోకుండా, వీధి పేరు చెప్పడం వీలవుతుందా?

ప్రేమ రాసిన ఆడదానికి చిరునామాతో గొడవ కొత్తది కాదు. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని 'రాధికా సాంత్వనము' రాసి, అవతారికలో తన వంశాన్ని ఇంటి ఆడవాళ్ల వైపు నుంచి గర్వంగా చెప్పుకుంది. తర్వాత అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలతో పాటు ఆ అవతారికా లేదు. శృంగారం రాసిన ఆడది, పైగా దేవదాసి కుటుంబం. ఆమె ఎవరో చెప్పే పేజీలే ఎగిరిపోయాయి. గాయని బెంగళూరు నాగరత్నమ్మ పాత ప్రతి సంపాదించి, తీసేసినవన్నీ చేర్చి 1910లో మళ్లీ వేయించింది. వీరేశలింగం పంతులు లాంటి సంస్కర్త ఆ కావ్యం ఆడవాళ్లు వినదగింది కాదని రాస్తే, సిగ్గు అనేది ఆడవాళ్లకేనా, మగవాళ్లకి లేదా అని ఆమె సూటిగానే అడిగింది. మరుసటేడు ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులు హయాంలో గానీ ఆ నిషేధం పోలేదు. నాగరత్నమ్మ పోట్లాట పద్యాల కోసమే అనుకునేదాన్ని. ఇప్పుడు చూస్తే అవతారిక కోసం కూడా. ప్రేమ గురించి ఈ మాటలు అంటున్నది ఎవరు, ఎవరి మనవరాలు అన్నది చదివేవాళ్లకి తెలియాలని.

మరి తెలుగు ప్రేమకథకి కులం పేరెత్తడం చేతకాదా? అదీ కాదు. గురజాడ 'లవణరాజు కల'లో రాజునీ మాలపిల్లనీ కలిపాడు. కలలోనే అనుకోండి, అయినా కలిపాడు. 1938లో చలం కథతో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' సినిమా తీశాడు, పేరే అది పెట్టి. జనం చూశారు కూడా. తర్వాత ఇంటింటికీ వెళ్లిన సీరియల్ కాలంలో ఆ అడ్డంకి ఎక్కడో జారిపోయి దాని చోట డబ్బు వచ్చి కూర్చుంది. ఎందుకో రాసేవాళ్లకి తెలుసు. పత్రిక అన్ని ఇళ్లకీ వెళ్లాలి, ఏ ఇల్లూ నొచ్చుకోకూడదు. పైగా డబ్బు మంచి అడ్డంకి. పేదపిల్ల అయితే ఆఖరి భాగాల్లో ఒక తాతగారి వీలునామా దొరికించి సరిచేయొచ్చు. కులాన్ని ఏ వీలునామాతో సరిచేస్తాం?

1936లో అంబేద్కర్ లాహోర్ సభ కోసం రాసి, సభ వాళ్లు వెనక్కి తగ్గితే తానే అచ్చేయించుకున్న 'కుల నిర్మూలన'లో అసలు మందు కులాంతర వివాహమే అంటాడు. మనం ఒకరికొకరం అయినవాళ్లమన్న భావం రక్తాలు కలిస్తేనే వస్తుందని ఆయన వాదన. ఆ పుస్తకం మా అమ్మాయి కాలేజీ పోటీకి తెచ్చుకుంటే చదివాను. చదువుతూ ఉలిక్కిపడ్డాను. ప్రేమకథలంటే కాలక్షేపం అని నేనే ఒప్పేసుకుని ఉన్నాను, ఇక్కడ ఇంత పెద్దమనిషి దేశం మారడానికి దారి పెళ్లిపందిరి కిందుగా ఉందంటున్నాడు. 2011-12లో జరిగిన దేశవ్యాప్త సర్వే ప్రకారం మన పెళ్లిళ్లలో కులాంతర వివాహాలు సుమారు 5 శాతం. మిగిలిన 95 ఇళ్లలో కూర్చుని ప్రేమ నవలలు చదువుతున్నాం, రాస్తున్నాం.

ఎదురాఫీసులో ఒక నోటీసు బోర్డు ఉంది. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోదలచినవాళ్లు ముందుగా నోటీసు ఇవ్వాలి. దాన్ని అందరికీ కనపడేలా అంటిస్తారు. 30 రోజుల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. వయసు చాలలేదనో, ఇదివరకే పెళ్లయిందనో, దగ్గరి చుట్టరికమనో ఏవో కొన్ని కారణాలుంటాయి. కులం ఆ జాబితాలో లేదు. కానీ కులం కోసం వెతికేవాళ్లకి కావలసినవన్నీ ఆ కాగితంలోనే ఉన్నాయి: పేరు, వృత్తి, ఊరు, ఇల్లు. టీ తాగడానికి వెళ్లినప్పుడల్లా ఆ బోర్డు ముందు ఆగుతాను. నవల మొదటి పేజీ లాగే ఉంటుంది ప్రతి కాగితం. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, వాళ్లకి ముప్ఫై రోజుల గడువు. సస్పెన్స్ కోసం నేను పడే తంటాలన్నీ చట్టం ఒక్క సెక్షన్లో చేసిపెట్టింది.

వాళ్లకి అది సస్పెన్స్ కాదు, భయం. 2018లో మిర్యాలగూడలో గర్భవతి అయిన భార్యని ఆస్పత్రిలో చూపించుకుని బయటికొస్తున్న యువకుణ్ని పట్టపగలు నరికేశారు. కులం వేరని పురమాయించింది ఆ అమ్మాయి తండ్రే. అదే ఏడు మార్చిలో సుప్రీంకోర్టు, ఇష్టపడి పెళ్లి చేసుకున్న మేజర్ల జోలికి కుటుంబమైనా కులపంచాయితీ అయినా రాకూడదని తీర్పు చెప్పింది. 2021లో అలహాబాద్ హైకోర్టు, నోటీసు అంటించాలా వద్దా అన్నది ఆ జంట ఇష్టమంది. తీర్పులు ఉన్నాయి. బోర్డూ ఉంది.

సుఖాంతం రాసేవాళ్లం పిరికివాళ్లమా, అబద్ధాలకోర్లమా అని ఆ బోర్డు ముందు అనిపిస్తుంది. అనిపించి, మళ్లీ ఇంకో సంగతి గుర్తొస్తుంది. మా దగ్గరికి ఒక జంట ఉమ్మడి పేర్ల మీద ప్లాటు రిజిస్టర్ చేయించుకోవడానికి వచ్చారు. చంకలో పిల్లాడు, స్టాంపు ప్యాడు కోసం పేచీ పెడుతున్నాడు. ఆమె తండ్రి పేరూ ఊరూ, అతని తండ్రి పేరూ ఊరూ కొడుతుంటే నాకు అర్థమైంది. మా ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్లకి అర్థమవుతుంది. పెళ్లయి ఏడేళ్లట. ఎవరూ నరకలేదు. ఏ పేపర్లోనూ రాలేదు. పెద్దవాళ్లు మొదట మాట్లాడలేదట, పిల్లాడు పుట్టాక ఒకవైపు వాళ్లు వచ్చారట, రెండోవైపు వాళ్లు ఇంకా రాలేదట. అతను ప్లాటు హద్దులు చదువుకుంటుంటే ఆమె టోటల్ సరిచూసింది. ఇది సుఖాంతం కాక మరేమిటి? సుఖంగా ఉన్నవాళ్లు వార్త కారు. కాబట్టి చావు ఒక్కటే నిజం, బతకడం కల్పన అనుకోవడానికి అలవాటు పడ్డాం. వాస్తవికత పేరుతో ప్రతి కులాంతర ప్రేమనీ శవం దాకా తీసుకెళ్లే కథలు కూడా ఒక రకంగా ఆ మిర్యాలగూడ తండ్రి మాటే చెబుతున్నాయేమో, అటు పోకండి చచ్చిపోతారు అని. చెప్పేవాళ్ల ఉద్దేశం వేరు, నాకు తెలుసు. వినేవాళ్ల చెవిన పడేది ఏమిటి?

అందుకని నాకు నేను ఒక చిన్న పని పెట్టుకున్నాను. గొప్ప లక్ష్యమేమీ కాదు. హీరోకి ఇంటిపేరు ఇవ్వాలి, ఇచ్చి కూడా కథని సుఖాంతం చెయ్యాలి.

ఒక్కసారిగా చెయ్యలేకపోయాను. మొదట ఒక సీరియల్లో హీరోయిన్ స్నేహితురాలికి ఇంటిపేరు పెట్టాను. ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత దాంట్లో హీరో తల్లికి ఉద్యోగం పెట్టాను, మునిసిపాలిటీలో. ఆ భాగానికి మెసేజీలు తగ్గాయి. ఎందుకు తగ్గాయో ఎవరూ చెప్పరు, తగ్గుతాయంతే. మూడో అడుగు ఇప్పుడు రాస్తున్న కథ. అందులో అబ్బాయికి ఇంటిపేరు వెతకడానికే చాలాకాలం పట్టింది. మా వైపు సంగతి మీకు తెలుసు, ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉంటుంది. ఇంటిపేరు చెప్పగానే కథ అయిపోదు. ఏ ఊరండీ మీది? ఆ ఊళ్లో ఫలానావారు మీకేమవుతారు? మీ ఇల్లు ఊళ్లో ఎటువైపు? అడిగేవాళ్లు నవ్వుతూ, కాఫీ ఇస్తూ, ఎంతో మర్యాదగా అడుగుతారు. నేను అలాంటి ఇంటిపేరే ఎంచుకున్నాను, నాలుగిళ్లలో ఉండేది. అమ్మాయి తండ్రి మొదటి ప్రశ్న అడిగి సంతృప్తి పడతాడు. రెండో ప్రశ్నకి ఆయన గొంతు మారుతుంది. మూడో ప్రశ్న అడగడు. ఆ మూడు పంక్తులు సరిగ్గా కుదరడానికి ఎన్ని బిందెలు పొంగిపోయాయో.

నా మొదటి శ్రోత మా అత్తగారు. ఒకప్పుడు అద్దె షాపులో నవలలన్నీ చదివేసిన మనిషి. ఇప్పుడు చూపు ఆనదు, రాత్రి నేనే చదివి వినిపిస్తాను. ఇంటిపేరు వచ్చిన భాగం విని కాసేపు మాట్లాడలేదు.

"ఎందుకే అమ్మాయ్, వాడి ఇంటిపేరు నీకు? హాయిగా సాగుతున్న కథ," అంది.

"ఉంటే ఏమైంది అత్తయ్యా?"

"ఏమీ కాలేదు. ఇంతవరకూ వీళ్లు కడదాకా బానే ఉంటారని ధీమాగా విన్నాను. ఇప్పుడేమవుతుందోనని నాకు నిద్ర పట్టదు."

మర్నాడు పొద్దున బిందెల దగ్గరికి వచ్చి, "కులం సంగతి నాకు ఇష్టం లేదు, చెబుతున్నా. కానీ వాణ్ని మాత్రం చంపకు," అంది.

ఆవిడ జీవితంలో ఎంతమంది హీరోల్ని ప్రేమించి ఉంటుంది! ఎవరి ప్రాణానికీ ఇలా పూచీ అడిగి ఉండదు. అంతమంది హీరోల్లో ఆవిడకి నిజమైన మనిషిగా తోచింది వీడేనా, లేక వీడు నిజం కాబట్టి కథలో ఉండకూడదని ఆవిడ బాధా? రెండూ ఆ మాటలోనే ఉన్నాయి. ఆవిడ మనసు మారిందని నేను అనుకోవడం లేదు. వాడి కులం ఇష్టం లేదు, వాడు చావడమూ ఇష్టం లేదు. ఈ రెండింటి మధ్య ఉన్న కొద్దిపాటి జాగాలోనే నేను నవల రాయాలి. చాలామంది ఇళ్లలో ఉన్న జాగా కూడా అంతేనేమో.

అత్తగారికి మాట ఇచ్చాను, చంపనని. మాట ఇచ్చాక రాయడం కష్టమైంది. చావు అయితే ఒక్క భాగంలో అయిపోతుంది. బతికించాలంటే రోజూ బతికించాలి. నోటీసు, ముప్ఫై రోజులు, సాక్షులు ముగ్గురు, సంతకాలు, అవన్నీ రాసేశాను, అవి నాకు చేతి కిందివే. ఇప్పుడు వాళ్లిద్దరూ గుంటూరులో ఇల్లు వెతుక్కుంటున్నారు. రెండు గదులు, నీళ్ల వసతి ఉంది, అమ్మాయికి బాల్కనీ నచ్చింది. ఇంటి ఓనరు పెద్దాయన, మంచివాడిలాగే ఉన్నాడు. అడ్వాన్సు మాట్లాడుకున్నాక, మీదే ఊరు బాబూ అని అడిగాడు. జవాబు అబ్బాయి చెప్పాలా, అమ్మాయి అందుకోవాలా అన్నదాని దగ్గర ఆగాను. అబ్బాయి నిజం చెబితే బాల్కనీ పోయేట్టుంది. అబద్ధం చెబితే నేనింత కష్టపడి ఇచ్చిన ఇంటిపేరు పోయేట్టుంది. అమ్మాయికి మాత్రం, ఊరు సంగతి మీకెందుకండీ, అద్దె ఎంతో చెప్పండి అనాలని ఉంది. అననిస్తే ఇల్లు దొరుకుతుందో లేదో రేపు నీళ్లు వచ్చేలోపు తేల్చాలి.